దున్నపోతు సలాం

యాకుత్‌పురా,
జూలై

అక్కా,

ఫోను చేస్తే నీ మాట నాకు వినపడదు, నా మాట నువ్వు సాగనివ్వవు. అందుకే ఉత్తరం. చెవి మిషను ఉంది కదా అంటావు. అది పెట్టుకుంటే ఊళ్ళో వాళ్ళ మాటలన్నీ వినాలి. ఈ వయసులో నాకు ఆ శిక్ష అవసరం లేదు.

అసలు సంగతి కమాను గురించి. నయాపూల్ దాటి లోపలికి వస్తే నవాబుగారి దేవ్డీ వాకిటి కమాను ఒకటి మిగిలి ఉంది కదా. ఆ హవేలీ ఎప్పుడో పోయింది, ఇప్పుడక్కడ బ్యాగులూ చెప్పులూ అమ్ముతున్నారు. కమాను ఒక్కటే మొండిగా నిలబడింది, నాలాగా. మొన్న రోడ్డు వెడల్పు వాళ్ళు వచ్చి దాని మీద ఎర్రగీత గీసి పోయారు. దివిలె దీపాలు పెట్టే నాటికి అది ఉండదు.

ఇక మన రామ్‌చందర్ మొదలుపెట్టాడు. చిన్నాయిన కొడుకు కాబట్టి ఊరుకుంటున్నాను గానీ, సదర్ కమిటీకి ప్రెసిడెంటు అయినప్పటి నుంచి వాడి మెడ తిరగడం లేదు. "కమానే లేనప్పుడు దున్న సలాం ఎవనికి చేస్తది? సీదా స్టేజీ కాడికి తోల్కరాండ్రి" అని హుకుం జారీ చేశాడు. దీపావళి అయ్యాక వచ్చే సదర్ నాడు మిగతా ఇళ్ళ దున్నలు ముస్తాబై ఊరేగుతుంటే, మన ఇంటి దున్న ముందుగా ఆ కమాను దగ్గరికి పోయి మోకాళ్ళు వంచడం, ఆ తర్వాతే మిగతావాటితో కలవడం మన తాత సోమయ్య నాటి ఆచారం. వాడికీ ఆయన తాతే. వాడికి లేదు ఆ పట్టింపు.

ఇప్పుడు దున్నను సాకుతున్నది మన తమ్ముడి మనవడు నందు. దాని పేరు గుల్జార్. వాడు నన్ను నిలదీశాడు. "తాతా, నవాబు లేడు, దేవ్డీ లేదు, రేపు కమాను గూడ ఉండది. గులాంగిరీ తప్ప ఇంక ఏమున్నదిండ్ల? దివిలె లోపట నాకు సమజయ్యేటట్టు చెప్పు. లేకుంటే బంద్." ఆ పిల్లవాడి ప్రశ్నలో తప్పు లేదు. నా దగ్గర జవాబు లేకపోవడమే తప్పు.

పైగా ఒక ప్రొఫెసరు మన సలాం గురించి పుస్తకంలో రాశాడు. 'ప్రభుభక్తికి పరాకాష్ఠ' అట. యాకుత్‌పురాలో అడుగు పెట్టకుండా రాశాడు. నలభై ఏళ్ళు లైబ్రరీలో దుమ్ము దులిపినవాణ్ణి, ఏ పుస్తకం ఎలా పుడుతుందో నాకు తెలియదా!

నువ్వు నాయినమ్మ ఒళ్ళో పెరిగావు. కొమురమ్మ నాయినమ్మ ఈ సలాం గురించి నీతో ఏం చెప్పింది? గుర్తు చేసుకుని రాయి.

నీ తమ్ముడు,
బాబురావు


జహీరాబాద్,
జూలై

తమ్మీ బాబూ,

కండ్లు సరిగ్గ అగుపడవు గనుక నేను చెప్తుంటే నా మనుమరాలు రూప రాస్తున్నది. చెప్పింది చెప్పినట్టు రాయమన్న. నీ తీరు పుస్తకం భాష మాకు రాదు.

తుంటి ఎముక ఇంక అతుకలేదు. కర్ర పట్టుకొని వాకిట్లదాక పోతున్న, అంతే. నువ్వు నా కాలు ఎట్లున్నదని ఒక్క ముక్క అడుగలే. దున్న కాలు గురించి మాత్రం రెండు పేజీలు రాసినవ్. పనివడితేనే అక్క యాదికొస్తది నీకు, చిన్నప్పటి నుంచి గంతే.

ఏం తింటున్నవ్? మరదలు పోయినంక నువ్వు రొట్టె, ఊరగాయ మీదనే ఎల్లదీస్తున్నవని నందుగాని తల్లి అమల చెప్పింది. అది రోజు కూర పంపిస్తనంటే వద్దంటున్నవట. ఎందుకు? ఆ కూరల ఉప్పు తక్కువయితే నీ చదువు తగ్గుతదా?

సలాం ముచ్చట నాకేం యాదికి లేదు. ముసలిదాన్ని. నాయినమ్మ మస్తు ముచ్చట్లు చెప్పేది, దేని గురించని యాది పెట్టుకోవాలె?

రామ్‌చందర్‌తోని లొల్లి పెట్టుకోకు. ఎన్నడో ఒక పెండ్లిల నిన్ను రెండో బంతి భోజనానికి కూసోబెట్టిండని ఇంక మనసుల పెట్టుకున్నవ్. ఆ పెండ్లికొడుక్కే మనుమలు పుట్టిండ్రు.

అక్క మాణిక్యమ్మ

(తాతా, నేను రూపను. యాదికి లేదని చెప్పేటప్పుడు నానమ్మ నవ్వింది. అది రాయొద్దన్నది. రాసిన.)


యాకుత్‌పురా,
ఆగస్టు

అక్కా,

నీ కాలు ఎలా ఉంది? చూశావా, మొదటి వాక్యంలోనే అడిగాను. అమల పంపిన కూర కూడా తింటున్నాను. ఉప్పు నిజంగానే తక్కువ.

నువ్వు చెప్పకపోయినా నేను కనిపెట్టాను. కూర్చుని విను.

నిజాం కొలువులో ఇంగ్లీషు ప్రభుత్వం తరఫున రెసిడెంట్ అనే దొర ఒకడు ఉండేవాడు. మూసీకి అవతల కోఠీలో మకాం. పేరుకు రాజ్యం నిజాముది, పెత్తనం ఆ దొరది. అంతకుముందు రెసిడెంట్లు దర్బారులో బూట్లు విప్పి నేల మీద కూర్చునేవారు. నిజాం పసివాడుగా గద్దెనెక్కిన రోజుల్లో, మేం బూట్లు విప్పం, మాకు కుర్చీలు వేయండి అని పట్టుబట్టి సాధించుకున్నారు. పసివాడి ముందు కాళ్ళు చాపడం పెద్ద వీరత్వం!

మన కమానుకు అడ్డంగా ఛాతీ ఎత్తున ఒక ఇనుప గొలుసు వేలాడేదట. ఎంతటివాడైనా వంగి లోపలికి పోవాలి, అది నవాబు దర్జా. ఒక్క రెసిడెంటు బగ్గీ వచ్చినప్పుడు మాత్రం గొలుసు విప్పేవారు. హైదరాబాదు చరిత్రంతా ఆ గొలుసులో ఉందక్కా. మనవాళ్ళ తలలు వంచడానికి కట్టిన గొలుసు, ఇంగ్లీషువాడి గుర్రాల చప్పుడు వినగానే తనే నేలకు దిగేది.

ఇప్పుడు నా సిద్ధాంతం. ఒక దివిలెకు రెసిడెంటు ఆ దేవ్డీకి విందుకు వచ్చి ఉంటాడు. గల్లీ జనమంతా వంగి సలాం చేయాలని హుకుం అయ్యుంటుంది. సోమయ్య తాత నిటారుగా నిలబడి, తన బదులు దున్నతో సలాం చేయించాడు! భక్తి కాదు, చెంపపెట్టు. ఊహ అనుకోకు. బాపు నోట 'సలాం', 'రెసిడెంటు' అనే రెండు మాటలూ కలిపి విన్నాను. మిగతాది నా చదువు పూరించింది.

కమిటీ మీటింగులో ఇది చదివాను. "ఏయ్ బాబూ, నీ పుస్తకాల లొల్లి షురూ జెయ్యకు, చాయ్ సల్లగయితది" అని రామ్‌చందర్ అన్నాడు. కానీ నందు లేచి నిలబడ్డాడు. "అంటే సోమయ్య తాత ఇంగ్లీషోని ఇజ్జత్ తీసిండా? అరే, మస్తున్నది తాతా! ఒకనికి టోపీ, కోటు ఏసి ఇంగ్లీషోని వేషం పెడ్దాం. గుల్జార్ పోయి వాని ముంగట మోకాళ్ళేస్తది. వీడియో తీస్తే దేశమంతా చూస్తది!" అన్నాడు. వెంటనే బ్యానరు మాట కూడా ఎత్తారు. మీసం మెలేసిన సోమయ్య తాత, ఎదురుగా బిక్కమొహం వేసుకున్న దొర.

సలాం బతికిందక్కా. ప్రొఫెసరును కూడా పిలిచాను. ముందువరసలో కూర్చోబెట్టి అతని పరాకాష్ఠను అతని చేతే మింగిస్తాను.

ఒక్క సాయం చేయి. 'మా నాయినమ్మ కూడా ఇదే చెప్పింది' అని ఒక్క మాట రాయి చాలు. నీ పేరుతో అచ్చు వేయిస్తాను.

బాబురావు


జహీరాబాద్,
సెప్టెంబరు

బాబూ,

నా పేరు ఎక్కడ పెట్టకు. నాయినమ్మ పేరు అసలే పెట్టకు.

ఆ ఇంగ్లీషోని వేషం వద్దని పోరనికి చెప్పు. కారణం అడుగకు. అక్క చెప్పింది, వద్దన్నది, అంతే అను.

మాణిక్యమ్మ


యాకుత్‌పురా,
సెప్టెంబరు

అక్కా,

కారణం లేకుండా వద్దనడానికి నువ్వేమన్నా రెసిడెంటువా?

తెలిసింది. రామ్‌చందర్ ఫోను చేసి ఉంటాడు. నువ్వెప్పుడూ వాడి వైపే. చిన్నప్పుడు వాడు నా పలక పగలగొడితే 'పోనీలే' అన్నావు. లైబ్రరీలో నా ప్రమోషను కింది వాడు ఎత్తుకుపోతే 'పోనీలే' అన్నావు. నా జీవితంలో నాకు దక్కినవన్నీ నీ 'పోనీలే'లే. ఇంత చదివి నేను సంపాదించింది ఈ ఒక్క సంగతి. ఊళ్ళో నలుగురూ నా మాట వినడం ఇదే మొదలు. దాన్ని కూడా పోనీయమంటావా?

అయినా వేరే ఇంటికి పోయినదానివి. ఈ ఇంటి ఆచారంతో నీకేం పని?

కమాను వచ్చేవారం కూలగొడుతున్నారు.

బాబురావు


జహీరాబాద్,
సెప్టెంబరు

తమ్మీ,

నీ చిట్టి చదివి రూప ఏడ్చింది. నేను ఏడువలే. నీ నోరు నాకు ఎరుకనే. వేరే ఇంటికి పోయినదాన్ని గనుకనే ఈ ముచ్చట నాకు తెలుసు. నన్ను అత్తగారింటికి తోలే ముందు నలుగు పెట్టుకుంట నాయినమ్మ చెప్పింది. మొగోళ్ళకు చెప్పకు బిడ్డా అన్నది. ఇప్పుడు చెప్పకుంటే ఒకడు టోపీ ఏసుకొని దున్న ముంగట నిలబడుతడు. అందుకు చెప్తున్న.

తుగ్యానీ వచ్చిందిగద, మూసీ పొంగి ఊరు సగం కొట్టుకపోయినప్పుడు, అప్పుడు మన పశువుల కొట్టం నది ఒడ్డునే ఉండె. రాత్రంత వాన. సోమయ్య తాత తెల్లారకముందే పాల బిందెలు తీస్కొని అవతలికి పోయిండు. ఎక్కడికో ఎరుకేనా? కోఠీకి. నీ రెసిడెంటు ఇంటికే. ఆ దొర పొద్దుగాల తాగే చాయ్‌ల పాలు మన బర్రెలయే, బాబూ. బాపు నోట నువ్విన్న రెసిడెంటు ముచ్చట గదే.

తాత పోయినంక వంతెనలు తెగినయి. ఇవతల నాయినమ్మ ఒక్కతే. కొత్త కోడలు, కడుపుల పిల్లగాడు. పలుపులు కోసి బర్రెలన్నిటిని, దున్నను నీళ్ళల్లకెల్లి దేవ్డీ దిక్కు తోలింది. ఆ లోపట ఎత్తు జాగా. దర్వాజ తెరిచిండ్రు, జనం ఉరికొస్తున్నరు. గొలుసు మాత్రం గట్లనే ఉన్నది. ఇప్పు అయ్యా అని నాయినమ్మ మొత్తుకుంటే కావలాయన "హుకుం నహీ హై, అమ్మా" అన్నడట. మోకాళ్ళదాక నీళ్ళు, ఇంక ఆయనకు హుకుం కావాలె! కాని పాపం, ఆయన ఆడికెల్లి ఉరుకలే. ఒక్కొక్కల నెత్తి మీద చెయ్యి పెట్టి, గొలుసు తాకకుంట వంచి లోపటికి పంపిండట.

బర్రెలు వంగి దూరినయి. దున్నకు కొమ్ములు అడ్డం. నిలబడ్డది. ఎంత అదిలించినా కదులలే. నాయినమ్మ తనే ముందు గొలుసు కిందికెల్లి లోపటికి పోయి, ఎనక్కి మర్రి పిలిచింది. అప్పుడు అది ముందటి కాళ్ళు మడిచి, మోకాళ్ళ మీద పాక్కుంట వచ్చింది. అగో, గదే నీ సలాం.

కడుపుల ఉన్న పిల్లగాడు ఎవరనుకున్నవ్? బాపు. బాపు గూడ ఆ గొలుసు కిందికెల్లే వచ్చిండు. మనమందరం గట్లనే వచ్చినం.

ఆ యేడు దివిలెకు ఊరంత ఏడుపే. నాయినమ్మ దున్నకు పసుపు పెట్టి కమాను కాడికి తోల్కపోయింది. దానికి ఆ జాగల గట్లనే పోవాలెనని తెలుసు, మళ్ళ మోకాళ్ళేసింది. పైన బాల్కనీల నవాబు చూసి, "యే క్యా కర్రహా హై?" అని అడిగిండు, ఇదేం జేస్తున్నదని. తాత చేతులు కట్టుకొని "సలాం, సర్కార్" అన్నడు. నవాబు ఖుషీ అయి శాలువ కప్పిండు. గా దినం నుంచి అది సలాం అయింది.

తాత అబద్ధం ఆడిండని నేననను. ఆ కాలంల వంగినోడు ఎందుకు వంగిండని ఎవడడిగిండు? వంగితే సలామే. అయినా, పాలకు పోయి ఇంటిదాన్ని నీళ్ళల్ల ఇడిసిపెట్టిన అన్న బాధ ఆయనకు సచ్చేదాక ఉండె. "ఆ శాలువ కప్పుకుంటే ఆయనకు జర నిద్ర వట్టేది, అందుకు ఊకున్న" అన్నది నాయినమ్మ.

నీ ముచ్చట ఊరోళ్ళకు నచ్చిందని నువ్వు సంబురంగ రాసినవ్. నిన్ను గంత సంబురంగ నేను ఎప్పుడు చూడలే. అందుకే ఇన్నొద్దులు చెప్పబుద్ధి కాలే.

అక్క


యాకుత్‌పురా,
అక్టోబరు

అక్కా,

జవాబు ఆలస్యమైంది. నీ మీద కోపంతో కాదు, నాకు నేను ఏం చెప్పుకోవాలో తెలియక.

ముందు నీతో వాదించాలనుకున్నాను. ముసలమ్మ మాట సాక్ష్యం కాదని, ఏ గెజెట్‌లోనూ లేదని రాసి చింపేశాను. గెజెట్‌లో ఎందుకుంటుంది? ఆ రోజు గెజెట్ రాసేవాళ్ళు కూడా ఏదో ఒక మేడ ఎక్కి ఉంటారు. వేరే ఇంటికి పోయినదానివి అన్న మాట కూడా చింపేయగలిగితే బాగుండు. అది నీ దగ్గరికి వచ్చేసింది.

కమాను పడిపోయింది. పోయి చూశాను. లోపలి వైపు గోడలో పెద్ద ఇనుప కొక్కెం ఒకటి బయటపడింది. పాత ఇనుము కొనేవాడు దాన్ని పట్టుకుపోయాడు.

నాకు నిద్ర పట్టడం లేదు. నందుకు నిజం చెబితే, ఇంగ్లీషువాడికి పాలు పోసిన తాత కోసమా ఈ తతంగం అని పగ్గం పడేస్తాడేమో. రామ్‌చందర్ పళ్ళికిలిస్తాడు. చెప్పకపోతే బ్యానరు సిద్ధంగా ఉంది, నాకు దండ కూడా పురమాయించారు.

ఒకటి అడుగుతాను. నీళ్ళలో అలా పోతుంటే నాయినమ్మకు భయం వేయలేదా? నువ్వు అడిగావా?

బాబు


జహీరాబాద్,
అక్టోబరు

తమ్మీ,

అడిగిన. "దున్న ఎంబడి ఉండె కద, భయమెందుకు" అన్నది. ఇంక జరసేపు నలుగు పెట్టి, మళ్ళ తనే చెప్పింది. గొలుసు కింద వంగినప్పుడు కడుపుల పిల్లగాడు తన్నిండట. అప్పటిదాక పశువులే యాది. అప్పుడు భయమైందట.

ఊరోళ్ళకు ఏం చెప్తవో నీ ఇష్టం. నువ్వేం చెప్పినా నేను కాదనను. ఇంక నీకు దండ ఏస్తే ఆ ఫోటో పంపు.

అక్క

(తాతా, బ్యానర్ మీద దొర బొమ్మకు పైన స్టిక్కర్ వేయొచ్చు. మా కాలేజీల గట్లనే చేస్తరు. – రూప)


యాకుత్‌పురా,
సదర్ మర్నాడు

అక్కా,

కుడిచేత్తో రాయడం కష్టంగా ఉంది. అక్షరాలు వంకరగా ఉంటే క్షమించు. కారణం చివర చెబుతాను.

పండగకు ముందే నందును, వాడి చెల్లెలు వర్షితను కూర్చోబెట్టి నీ ఉత్తరంలో ఉన్నదంతా చెప్పాను. నా సిద్ధాంతం తప్పని కూడా చెప్పాను.  పాల సంగతికి నందు మొహం మాడింది. "మరి ఇంగ్లీషోనికి పోసుడేంది తాతా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపల వర్షిత అందుకుంది. "పాలమ్మెటోళ్ళం పాలు పోయకుంటే ఏం జేస్తమన్నా? నువ్వు పొద్దుగాల పోసేటోళ్ళందరు దేవుళ్ళా?" వాడు తల గోక్కున్నాడు. తర్వాత అడిగాడు: "అయితే తోల్కపోయింది ఆడమనిషి కద. పగ్గం నేనెట్ల పట్టుకోవాలె?"

ఆ మాట వాడి నోటి నుంచి వచ్చిందక్కా. నేను చెప్పించలేదు.

నిన్న కమాను ఉన్న చోట మట్టి, రేకుల కంచె, అంతే. బ్యానరు మీది దొర బొమ్మకు రూప చెప్పినట్టే స్టిక్కరు పడింది. ప్రొఫెసరు వచ్చాడు. మర్యాదగా నమస్కారం పెట్టి "ఆ కమాను ఎక్కడండీ?" అని అడిగాడు. అతని పుస్తకం చదివినప్పటి నుంచి దాచిపెట్టుకున్న మాటలన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. "మీరు దాని మీదే నిలబడ్డారు" అన్నాను. అది చాలనిపించింది.

తీన్‌మార్ డప్పులు ఆగాయి. గుల్జార్ వచ్చింది. ఒంటికి నూనె, మెడలో గవ్వల పట్టీలు, కొమ్ముల మధ్య నెమలి ఈకలు. పగ్గం వర్షిత చేతిలో ఉంది. రామ్‌చందర్ స్టేజీ దిగి ఉరికొచ్చాడు. "ఏందివయ్యా ఇది! ఆడపిల్ల చేతికి పగ్గమా? సదర్ల ఎన్నడన్న ఉన్నదా?" నేను మైకు తీసుకున్నాను. జేబులో నా వ్యాసం ఉంది, తీయలేదు. "ఉన్నది రామ్‌చందర్. మొట్టమొదట పట్టుకున్నదే ఆడమనిషి. మన నాయినమ్మ. నీ నాయినమ్మ" అని మొదలుపెట్టి, నీ మాటల్లోనే అంతా చెప్పాను. పాల సంగతి దాచలేదు. జనంలో అక్కడక్కడ నవ్వారు. గొలుసు దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది.

కమాను గొలుసుకు బదులుగా కొట్టంలో నుంచి తెచ్చిన గొలుసును ఒక కొసన అమల పట్టుకుంది. రెండో కొస పట్టుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. అప్పుడు రామ్‌చందర్ భార్య బుచ్చమ్మ కొంగు బిగించి వచ్చి పట్టుకుంది. భర్త మొహం వైపు చూడనైనా చూడలేదు.

గుల్జార్ అలవాటు ప్రకారం గొలుసు ముందు మోకాళ్ళేసింది. జనం ఈలలు వేశారు. అది లేచి నిలబడింది. సలాం అయిపోయిందనుకుంది పాపం, దానికి నేర్పింది అదే కదా. వర్షిత అదిలించలేదు. పగ్గం వదులు చేసి తాను గొలుసు కింద నుంచి అటు పోయి, వెనక్కి తిరిగి "రా బిడ్డా" అంది. అది అటూ ఇటూ చూసింది. ముక్కుతో గొలుసును తాకింది. తర్వాత ముందరి కాళ్ళు మడిచి, పొట్ట నేలకు రాసుకుంటూ అటువైపుకు పాకింది. ఈకలు గొలుసుకు తగిలి రాలాయి. ఎవరూ ఈల వేయలేదు.

ఆ తర్వాత పిల్లలు, ఆడవాళ్ళు, ఎవరంటే వాళ్ళు దాని వెనకే వంగి పోవడం మొదలుపెట్టారు. నేనూ పోయాను. పోయాను గానీ అటువైపు లేవలేకపోయాను. మోకాళ్ళు పట్టేశాయి. అంతమందిలో మట్టిలో చతికిలబడి ఉంటే, నా ముందు ఒక చెయ్యి కనిపించింది. "నీ చదువు తగలెయ్య, లే! నాయినమ్మ గింత ముచ్చట చేసిందని నాకు ఒక్కలు చెప్పలే" అంటున్నాడు రామ్‌చందర్. వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వాడూ వంగి వచ్చాడని మోకాళ్ళ మీది మట్టి చెబుతోంది.

లాగాడు. భుజం కీలు కదిలిందని డాక్టరు అన్నాడు. మెల్లగా లాగడం ఆ దొంగ సచ్చినోడికి ఎప్పుడూ రాదు. ఇవాళ పొద్దున అన్నం కలిపి తినిపించడానికి వచ్చి కూర్చున్నాడు. కూరలో ఉప్పు ఎక్కువ వేశాడు. ఏమీ అనకుండా తిన్నాను.

నీ తమ్ముడు,
బాబు